ముఖ్య అతిథి చేసిన హత్య

2018 నాటి మాట. నల్లగొండ గడియారం సెంటర్ వెనక సందులో మా ప్రింటింగ్ ప్రెస్. మా బాపు, అంటే నాన్న, పెట్టింది, బాపు తర్వాత నా చేతికొచ్చింది. పెళ్ళి కార్డులు, రసీదు బుక్కులు, ఎన్నికలొస్తే కరపత్రాలు, ఇవే మాకు తిండి పెట్టేవి. అందులో మిగిలినదాంతో నేను నవలలు వేస్తాను. అవి ఎలాంటి నవలలంటే హత్యలు, దయ్యాలు, దొంగతనాలు. ఈ మాట చెప్పగానే పెద్దమనుషుల మొహాలు చూడాలి. "ఏదన్నా మంచి సాహిత్యం వెయ్యొచ్చు కదమ్మా" అంటారు. మంచి సాహిత్యం వేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పుస్తకాలు వాళ్ళ వాళ్ళ అటకల మీదే ఉన్నాయి. నా పుస్తకాలు దేవరకొండ బస్సులో, మిర్యాలగూడ రైల్లో, పెద్ద దవాఖాన వరండాలో మనుషుల చేతుల్లో ఉంటాయి. నాకది చాలు.

ఆ ఎండాకాలం ఒకామె జిరాక్స్ కోసం వచ్చింది. పేరు అండాలు. చండూరు దగ్గరి పల్లె, చేనేత కుటుంబం. భర్త మగ్గం నేస్తాడు, ఆమె చిటికి కడుతుంది. రంగులో ముంచే ముందు డిజైన్ ప్రకారం నూలుకు రబ్బరు ముక్కలతో కట్లు వేస్తారు, కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు, దాన్నే చిటికి కట్టడం అంటారు. ఆమె చేత్తో రాసిన కాగితాల కట్ట నా ముందు పెట్టింది. నాకొక జబ్బుంది, చేతికొచ్చిన కాగితం చదవకుండా మిషన్లో పెట్టలేను. మొదటి పేజీ చదివాను, రెండోది చదివాను, తర్వాత జిరాక్స్ సంగతే మర్చిపోయి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

"అక్కా, జర జల్ది తియ్యరాదు, బస్సు పోతది" అంది.

"ఇది ఎవరు రాసిండ్రమ్మా?"

"నేనే."

"నువ్వే రాసినవా?"

"ఏం, రాయొద్దా?" అంది, కొంగుతో మెడ తుడుచుకుంటూ. "చిటికి కట్టుకుంట కూసుంటే చేతులకే పని, తలకాయకు ఏం పనుంటది? ఎవర్ని చంపాల్నో ఆలోచిస్త."

అలా తెలిసింది అసలు సంగతి. హైదరాబాదులో ఒక ప్రచురణ సంస్థ ఉంది, పేరు వద్దు. వాళ్ళ డిటెక్టివ్ నవలలన్నీ ఒకే రచయిత పేరు మీద వస్తాయి. మగ పేరు. వెనక అట్ట మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి ఫోటో. మా వృత్తిలో దాన్ని హౌస్ నేమ్ అంటారు. అంటే ఆ పేరు కంపెనీ ఆస్తి, దాని కింద ఎవరెవరో రాస్తుంటారు, రాసినవాళ్ళు బయటికి రారు. ఆ కళ్ళద్దాల మనిషి రాసినట్టు అమ్ముడవుతున్న నవలల్లో సగానికి పైగా అండాలువే. నేను కూడా కొని చదివాను. ఒకసారి ఆమె బస్టాండు బుక్ స్టాల్లో తన నవలే చూసి "ఇది నేను రాసిన" అని చెబితే, ఆ స్టాలు మనిషి ఫోటో చూపించి "గీ అద్దాలాయన నువ్వేనా?" అని నవ్వాడట. ఆ నవ్వు ఆమె మనసులోంచి పోలేదు.

"ఒక్క పుస్తకమన్న నా పేరు మీద రావాలె అక్కా" అంది. ఆ మాట కంపెనీ వాళ్ళతోనూ అందట. వాళ్ళేమన్నారో కూడా చెప్పింది. "నీ పేరు మీద ఎవరు కొంటరు? ఎయ్యి, ఏసి మునుగు. మునిగినంక మా కాడికే వస్తవు. అప్పుడు ఇంగ పేరు ముచ్చట తియ్యొద్దు." ఇది విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. నేనే వేస్తాను అన్నాను. ఈ పుస్తకం నడిస్తే అండాలు తన పేరుతో రచయిత్రి అవుతుంది. నడవకపోతే జన్మంతా ఆ కళ్ళద్దాల వెనకే ఉండాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

నవల పేరు 'మగ్గం గుంటలో శవం'. మా దిక్కు మగ్గాలు గుంట మగ్గాలు, కాళ్ళు కింద గుంటలో పెట్టుకుని తొక్కుతూ నేస్తారు. ఒక పొద్దున నేతగాడు పనిలో కూర్చుని గుంటలో కాలు పెడితే, అక్కడ ఊరి సావుకారి శవం తగులుతుంది. ఎవరు చంపారో కనిపెట్టేది ఒక హోంగార్డు ఆడమనిషి. అండాలు కథలో గొప్ప ఏమిటంటే ఊళ్ళో ప్రతి మనిషికీ ఆ సావుకారిని చంపడానికి ఒక కారణం ఉంటుంది, ఒక్క మనిషికి తప్ప. చివరికి చంపింది ఆ ఒక్క మనిషే. ఎందుకు చంపిందో తెలిశాక నేను ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ ముగింపు కోసం ఆమె మొత్తం నవల రాసింది. అది తీసేస్తే మిగతాదంతా పోలీసు పంచనామా.

ఇక మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. పుస్తకం వేస్తే ఆవిష్కరణ సభ పెట్టాలి. కవిత్వమైనా, వంటల పుస్తకమైనా, వానపాముల ఎరువు మీద పుస్తకమైనా సభ సభే. వేదిక, బ్యానరు, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరు పుస్తకం మీద మాట్లాడటం. మాట్లాడటమంటే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అందులో ఏముందో చెప్పడం. కవిత్వానికి దాంతో నష్టం లేదు. హత్య నవలకు ఈ పద్ధతి ఏం చేస్తుందో ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే మా జిల్లాలో హత్య నవలకు అంతకుముందు ఎవరూ సభ పెట్టలేదు. ఊళ్ళోని సాహిత్య సంఘం వాళ్ళు హాలు ఇస్తామన్నారు, ముఖ్య అతిథిని మేమే పిలుస్తామన్నారు. పిలిచింది ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ని. ఆయన్ను ఇక్కడ సారు అనే అంటాను.

సభ రోజు అండాలు ఊరి నుంచి ట్రాలీ ఆటోల్లో జనం వచ్చారు. నేతవాళ్ళు, చిటికి కట్టే ఆడవాళ్ళు, బడి పంతులు. తమ ఊరి మగ్గం మీద, తమ ఊరి మనిషి రాసిన కథ. సభ అయిపోయాక కొనుక్కుని పోదామని వచ్చారు. హాలు గుమ్మం దగ్గర టేబుల్ మీద పుస్తకాలు పేర్చి నేనే నిలబడ్డాను. అండాలు భర్త నేసిన చీర కట్టుకుని వేదిక మీద కుర్చీ అంచున కూర్చుంది.

సారు మైకు దగ్గరికి వచ్చారు. దాదాపు పాతిక నిమిషాలు సాహిత్యం అంటే ఏమిటో చెప్పారు. డిటెక్టివ్ నవల సాహిత్యం కాదు, కాలక్షేపం అన్నారు. అది ఆయన అభిప్రాయం, అననీ, అలాంటివి విని విని నా చెవులు రాయిదేరాయి. తర్వాత "ఇప్పుడు కథలోకి వద్దాం" అన్నారు. నేను కలం తీశాను. ఒక చీటీ మీద 'దయచేసి ముగింపు చెప్పవద్దు' అని రాసి వేదిక మీదికి పంపాను.

ఆయన చీటీ చూసుకున్నారు. జేబులో పెట్టుకున్నా బాగుండేది. మైకులో చదివారు.

"ముగింపు చెప్పవద్దని ప్రచురణకర్త కోరుతున్నారు. ఉత్తమ సాహిత్యానికి ముగింపుతో పనేముందమ్మా? ముగింపు తెలిస్తే చచ్చిపోయే కథ కథేనా?" అని నవ్వారు. ముందు వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు మీదుగానే ఆయన చంపిన మనిషి పేరు చెప్పేశారు. చెప్పి ఊరుకోలేదు. అలాంటి మనిషి చేత హత్య చేయించడం మన సంస్కృతికి తగదని, రచయిత్రి ఆలోచించుకోవాలని హితవు కూడా చెప్పారు.

ఆ పేరు ఇక్కడ నేను రాయను. మొదట్లో అమ్మిన కొన్ని ప్రతులు ఇంకా బయట తిరుగుతున్నాయి, ఎవరో ఒకరు ఎక్కడో సగంలో ఉండొచ్చు. ఆయన చేసిన పనే నేనూ చెయ్యలేను.

హాల్లో ఒక ముసలామె లేచి నిలబడింది. ముందు రోజే అండాలు ఇంటికి పోయి పుస్తకం తెచ్చుకున్నదట. "గదేంది సారూ, నేనింక సగం కాడనే ఉన్న" అంది. ఆమె మాట ఎవరికీ పట్టలేదు. అండాలు వేదిక మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. ఆమెకు శాలువా కప్పారు. ఫోటో తీశారు.

సభ అయ్యాక టేబుల్ దగ్గరికి అందరూ వచ్చారు. పుస్తకం తీసి చూశారు, అట్ట బాగుందన్నారు, మళ్ళీ అక్కడే పెట్టారు. చంపిందెవరో విన్నాక ఇంక చదివేదేముంది? వాళ్ళ తప్పేం లేదు. మర్నాడు పేపర్లో మా జిల్లా పేజీలోనూ పక్క జిల్లా పేజీలోనూ వార్త వచ్చింది, హెడ్డింగులోనే చంపిన మనిషి పేరు. రాసిన విలేకరికి ఫోన్ చేస్తే, "మేడం, సభలో చెప్పిందే కదా రాసిన" అన్నాడు. మహబూబ్‌నగర్ బస్టాండు స్టాలతను ఫోన్ చేసి పుస్తకాలు వెనక్కి పంపుతానన్నాడు. "చాయ్ హోటల్ల గదే ముచ్చట నడుస్తాంది మేడం. ఎవలు చంపిండ్రో అందరికి ఎరుకే. ఇంగెవడు కొంటడు?"

నేను సారుకు ఫోన్ చేశాను. నా కోపం గురించి మా ఇంట్లో వాళ్ళను అడగండి, చెబుతారు. అయినా పెద్దాయన అని తమాయించుకుని, "సార్, మీరు మా పుస్తకాన్ని చంపేశారు" అన్నాను.

"అతిగా మాట్లాడకమ్మా. ఒగ్గుకథ వినేవాడికి కథ ముందే తెలుసు. మరి వినడం లేదా?"

"ఒగ్గుకథ వినేవాడు పాట కోసం పోతాడు సార్. మా పుస్తకం కొనేవాడు చివరి పేజీ దాకా ఎవరో తెలియదు అన్న నమ్మకంతో కొంటాడు. ఆ నమ్మకమే మేము అమ్మేది. అది మీరు మైకులో ఊదేశారు."

"అందుకే అది సాహిత్యం కాదన్నాను" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

రెండు రోజులు పెళ్ళి కార్డు కోసం వచ్చినవాళ్ళ మీద కూడా కసిరాను. మూడో రోజు అండాలు వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. రాగానే, "అక్కా, ఎన్ని కుట్టిండ్రు?" అని అడిగింది. అంటే ఎన్ని పుస్తకాలు బైండింగ్ అయ్యాయని.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. పుస్తకం పెద్ద షీట్ల మీద అచ్చవుతుంది, ఒక షీటు మడిస్తే పదహారు పేజీలు, దాన్ని ఫారం అంటాం. ఫారాలన్నీ వరసగా పేర్చి, వెన్ను కోసి, గమ్ము పెట్టి అట్ట వేస్తే పుస్తకం. పెద్ద కంపెనీలు అన్నీ ఒకేసారి బైండింగ్ చేయిస్తాయి. మాలాంటి చిన్నవాళ్ళం సభకూ, స్టాళ్ళకు పంపే మొదటి కట్టలకూ సరిపడా చేయించి, మిగతా ఫారాలు అలాగే కట్టలు కట్టి పెట్టుకుంటాం, అమ్ముడైనకొద్దీ చేయిస్తాం. ఆ రోజు మా బైండర్ మహబూబ్ భాయ్ గదిలో ఫారాల కట్టలు గోడ ఎత్తున ఉన్నాయి.

"కొన్నే అయినయి, మిగతావన్నీ ఫారాలే" అన్నాను.

"గట్లయితే ఆఖరి ఫారం తీసెయ్యుండ్రి. నేను మళ్ల రాస్త. చంపినోళ్ళు మారుతరు."

"అదెట్ల కుదురుతది అండాలూ? ముందు పేజీలల్ల ఆనవాళ్ళన్నీ ఆ మనిషికే పెట్టినవు కదా?"

"అక్కా, చదివెటోని కండ్లు కప్పనీకి ఇంకో ఇద్దరి మీద గూడ అనుమానం పెట్టిన గదా. అండ్ల ఒకర్ని చంపినోళ్ళని చేస్త. ముందర ఒక్క అక్షరం ముట్టొద్దు. నాకొక్క వారం ఇయ్యి."

"ఇప్పటికే కొన్నవాళ్ళ దగ్గర పాత ముగింపు ఉంటది గదా."

"ఉండనీ. కొట్లాడుకుంటరు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు. చాలా కోపంగా ఉంది. ఆమె కోపం నా కోపం లాంటిది కాదు, నాది నోట్లోంచి పోతుంది, ఆమెది చేతుల్లోకి పోతుంది. చెప్పినట్టే వారంలో రాసి తెచ్చింది. చదివాను. తెలివైన ముగింపు. ఎక్కడా అతుకు కనిపించలేదు. కానీ చదివాక నాకు అన్నం సహించకపోవడం ఏమీ జరగలేదు, మామూలుగా తిని పడుకున్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు, రాసింది ఆమే కదా.

పాత చివరి ఫారాలు తూకానికి పోయాయి. మహబూబ్ భాయ్ వాటిని బండి మీద వేస్తుంటే నేను బయటికి రాలేదు. అచ్చు మిషన్ ముందు పెరిగినదాన్ని, చెడిపోయిన కాగితం తూకానికి వేయడం మాకు రోజూ ఉండే పనే. కానీ అవి చెడిపోయిన కాగితాలు కావు. వాటిలో ఒక్క తప్పు లేదు. ఆ రోజు సారు నా ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు.

కొత్త ముగింపుతో పుస్తకాలు స్టాళ్ళకు పోయాయి. అండాలు అన్నట్టే అయింది. పేపర్లో చదివినవాళ్ళు ఒక పేరు చెబుతారు, పుస్తకం చదివినవాళ్ళు "పేపరోడు తప్పు రాసిండు, వాళ్ళు కాదు" అంటారు. "ఏది, చూపియ్యి" అంటే కొనాలి కదా. మహబూబ్‌నగర్ స్టాలతనే మళ్ళీ ఫోన్ చేసి ఇంకో కట్ట పంపమన్నాడు. మక్తల్ నుంచి, అచ్చంపేట నుంచి కూడా అడిగారు. హైదరాబాదు కంపెనీ వాళ్ళు అండాలుకు ఫోన్ చేశారు. ఈసారి గొంతు మారింది, 'అమ్మా' అన్నారట. "నా పేరు అట్ట మీద ఏస్తే రాస్త, లేకుంటే మీ అద్దాలాయననే రాసుకోమనుండ్రి" అని చెప్పిందట. ఇది చెప్పినప్పుడు మాత్రం ఇద్దరం కడుపారా నవ్వాం.

కథ ఇక్కడితో ఆగితే నేను ఇది రాసేదాన్ని కాదు. కొన్ని నెలల తర్వాత అండాలు మా ప్రెస్సులో ప్రూఫులు చూసుకుంటుంటే సారు వచ్చారు. ఎవరో కొత్త ప్రతి చూపించినట్టున్నారు. మొహం నిండా సంతోషం. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను.

"చాలా సంతోషమమ్మా" అన్నారు అండాలుతో. "నా సూచన విని మార్చావు. పెద్దల మాట మన్నించే రచయితలు ఈ రోజుల్లో అరుదు. రెండో ముద్రణకు ముందుమాట నేను రాస్తాను. ఆ సంగతి అందులో ప్రస్తావిస్తాను."

  ఆయన ఆ హాల్లో ఏం చేశారో ఇప్పటికీ ఆయనకు తెలియదు. పైగా మెచ్చుకోవడానికి వచ్చారు.

అండాలు ప్రూఫు కాగితాలు పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"మీ సూచనకు మార్చలే సార్. నేను దాచిపెట్టుకున్నదాన్ని మీరు నలుగుర్ల పారబోసిండ్రు, అందుకు మార్చిన. నేను ఏండ్లసంది వేరేటోళ్ళ పేరు మీద రాసిన. నా పేరు మీద మొదటి పుస్తకం అని, నా కాడున్న మంచి ముగింపు దానికి పెట్టిన. అది పోయింది. ఇప్పుడు జనం చదువుతున్నది దానికన్న తక్కువది."

"ఇదే బాగుందమ్మా."

"మీరు అదెట్ల చెప్తరు సార్? మీరు మొదటిది చదవనే లేదు. ఆఖరి పేజీలు తిరగేసిండ్రు, గంతే. మొత్తం చదివినోళ్ళు ఆ మనిషిని తిట్టరు సార్, ఏడుస్తరు."

ఆయన చాయ్ సగం తాగి లేచారు. చదవలేదనే మాట కాదనలేదు. ముందుమాట ఊసు తర్వాత ఎత్తలేదు.

ఈ వృత్తిలో ఇన్నేళ్ళలో నాకు చాలామంది మీద కోపం వచ్చింది, పోయింది. సారు మీద కోపం పోలేదు. ఆయన మా పుస్తకాన్ని పాడుచెయ్యాలని వచ్చి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. అందులో పాడవడానికి ఏదో ఉందని ఆయనకు తోచనే లేదు, నా మంట దానికి. ఒక పనిని తక్కువదని ముందే అనుకున్నవాడు దాన్ని చెయ్యి పెట్టి విరగ్గొట్టినా వాడికి చప్పుడు వినపడదు. ఇది నాకు ఆ సభ నేర్పింది. ఇంకోటి కూడా నేర్పింది. మా ప్రెస్సులో ఇప్పుడు సభ పెట్టినా, అతిథికి ఇచ్చే ప్రతిలో చివరి ఫారం ఉండదు. ఫోన్ చేసి పేజీలు తక్కువున్నాయంటారు. టేబుల్ మీద నిండు ప్రతులు ఉంటాయి, కొనుక్కోండి సార్ అంటాను. కొందరు అలిగారు. అలగనీ.

ఈ మధ్య అండాలును అడిగాను, పాత ముగింపుతో ఆ నవల మళ్ళీ వేద్దామా, జనం మర్చిపోయి ఉంటారు కదా అని. తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా. ఆ మనిషిని గా ఊర్లోంచి తీసి ఇంకో కథల పెట్టిన. పేరు మార్చిన, వయసు మార్చిన, పని మార్చిన. కోపం మాత్రం గదే ఉంచిన."

ఆ కొత్త నవల ఇప్పుడు మా దగ్గర కంపోజింగ్‌లో ఉంది. నేనే కొడుతున్నాను. ఎవరిని చూసినా వీళ్ళేనేమో అనిపిస్తోంది, మళ్ళీ కాదనిపిస్తోంది. చివరి పదహారు పేజీలు అండాలు ఇంకా ఇవ్వలేదు, అచ్చుకు పోయే రోజు తానే తెస్తానంది. నేను అడగలేదు.